తుంటి ఆపరేషన్ అయింది, అత్త మంచం దిగనంటోంది

ప్రశ్న: మాది కవిటి మండలంలో ఒక పల్లె. మా అత్తకి 67 ఏళ్ళు. తెల్లవారుజామున కళ్ళాపి జల్లుతూ వాకిట్లో జారిపడింది, ఎడమ తుంటి విరిగింది. బరంపురం తీసుకెళ్తే విరిగిన బంతి తీసేసి స్టీలు బంతి పెట్టారు. మర్నాడే వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించారు. ఇంటికొచ్చి నాలుగు వారాలైంది. ఇప్పుడు నులక మంచం దిగమంటే "నాను నడవనేనే, బంతి ఊడిపోద్ది" అని ఏడుస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా మూడు నెలలు కదపొద్దంటున్నారు. మా ఆయనకి చెన్నైలో పని. నేనొక్కదాన్నే చంకల్లో చేతులేసి లేపుతున్నాను, నా నడుము పట్టేసింది. కాస్త గట్టిగా చెబితే "కోడలు సంపేస్తోంది" అని అరుస్తుంది, వీధంతా వింటుంది. బలవంతంగా నడిపించాలా, వదిలేయాలా? ఆవిడకేమో మళ్ళీ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళాలని ఆశ.
– ఒక కోడలు

సమాధానం:

వదిలేయకండి అమ్మా. ఆవిడ ఏడ్చినా, వీధి వాళ్ళు ఏమనుకున్నా వదిలేయకండి. నాలుగు వారాలుగా ఆవిడ అంటిపెట్టుకున్న ఆ మంచమే ఇప్పుడు ఆవిడకి పెద్ద ప్రమాదం. కదలని కాలి పిక్కలో రక్తం గడ్డ కట్టవచ్చు. ఛాతీలో కఫం చేరుతుంది. వీపు కింద, పిరుదుల మీద పుండ్లు పడతాయి. తొడ కండ రోజురోజుకీ కరిగిపోతుంది, అది కరిగాక నడుద్దామని మనసు పుట్టినా కాలు లేవదు. ఆపరేషన్ మర్నాడే వాకర్ పట్టించింది ఇవన్నీ రాకూడదనే.

ఇక బంతి సంగతి. ఊళ్ళో వాళ్ళ భయం ఉత్తి పుణ్యానికి పుట్టింది కాదు, పెట్టిన బంతి గిన్నెలోంచి, అంటే తుంటి ఎముకలో అది తిరిగే గుంటలోంచి, జారడమనేది ఉంది. కానీ నిటారుగా నడిస్తే అది జారదు. ఆ స్టీలు బంతికి కింద పొడుగాటి కాడ ఉంటుంది. దాన్ని తొడ ఎముక లోపలికి దించుతారు, పెద్దవయసు వాళ్ళకి చాలావరకు సిమెంటుతో బిగిస్తారు. మనిషి దాని మీద నిలబడితే ఒంటి బరువు బంతిని గిన్నెలోకే నొక్కుతుంది. జారేది ఎప్పుడంటే, మోకాలు తుంటి కన్నా పైకొచ్చేలా బాగా వంగినప్పుడు, కాలు మీద కాలు వేసుకున్నప్పుడు, పాదం నేల మీద అలాగే ఉంచి ఒళ్ళు మెలి తిప్పినప్పుడు. కోత పిరుదు వెనక వైపు నుంచి పెట్టిన వాళ్ళకి ఈ మూడూ మరీ ముఖ్యం. మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాల దాకా ఈ జాగ్రత్తలు పాటించమంటారు. మీ అత్తకి ఎన్నాళ్ళో ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది చూడండి. నడిస్తే బంతి ఊడుతుందని ఆవిడ నడవడం లేదు. కానీ ఆవిడ కూర్చునేది గుంటపడిన నులక మంచం మీద. అందులో పిరుదులు కిందికి దిగిపోయి మోకాళ్ళు పైకి లేస్తాయి. అక్కడి నుంచి మీరు చంకల్లో చేతులేసి లాగితే ఆవిడ ముందుకి ముడుచుకుని, పక్కకి మెలి తిరిగి లేస్తుంది. అంటే బంతి జారడానికి ఏమేం కావాలో అవన్నీ ఆ లేవడంలోనే ఉన్నాయి. నడకలో అవేవీ లేవు. నేను ఇన్నేళ్ళుగా తుంటి ఆపరేషన్ అయిన వాళ్ళతో పనిచేస్తూ చూసింది ఇదే. ప్రమాదం ఎక్కువగా లేచే చోట, కూర్చునే చోట, తిరిగే చోట ఉంటుంది. ఆ మూడూ నేర్పిస్తే నడక దానంతటదే వస్తుంది.

ఏది మొదలుపెట్టినా ముందు ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన డిశ్చార్జి కాగితం తీయండి. అందులో ఫుల్ వెయిట్ బేరింగ్ అనో, ఎఫ్‌డబ్ల్యుబి అనో రాసి ఉంటే ఆ కాలి మీద పూర్తి బరువు వేయవచ్చు. పార్షియల్ అని ఉంటే కొంత బరువే. నాన్ అని ఉంటే ఆ పాదం ఆనించకూడదు. బంతి మార్చిన వాళ్ళకి చాలావరకు మొదటి రకమే రాస్తారు. ఇది చదివే వాళ్ళలో ఎవరికైనా బంతి మార్చకుండా రాడ్డు, స్క్రూలు వేసి ఉంటే మీ లెక్క వేరు కావచ్చు, పక్కింటి వాళ్ళని చూసి బరువు వేయకండి. కాగితంలో ఏమీ లేకపోతే ఆసుపత్రికి ఫోన్ చేసి "ఎంత బరువు వేయవచ్చు, ఎంత వంగవచ్చు" అని ఆ రెండు ముక్కలూ అడగండి.

మొదటి పని, ఆ నులక మంచం మార్చండి. చెక్క మంచం ఉంటే సరే, లేకపోతే బంధువుల ఇంటి నుంచి కొన్నాళ్ళకి అడిగి తెచ్చుకోండి. దాని మీద గట్టి పరుపు వేయండి. ఎత్తు ఎంతుండాలంటే, ఆవిడ అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకి ఆనాలి, మోకాళ్ళు తుంటి కన్నా కొంచెం కిందికి ఉండాలి. కుర్చీకీ ఇదే కొలత. చేతులున్న గట్టి చెక్క కుర్చీ మంచిది. ప్లాస్టిక్ కుర్చీ తేలిక, చేతులతో నొక్కగానే జారుతుంది. అదే ఉంటే గోడకి ఆనించి వేయండి, సీటు మీద గట్టి దిండు పెట్టి ఎత్తు చేయండి. పడుకున్నప్పుడు రెండు కాళ్ళ మధ్య ఒక దిండు ఉంచండి.

ఇక లేవడం. నిదానంగా చదవండి, వీలైతే ముందు మీరు కుర్చీలో కూర్చుని చేసి చూడండి. ఆవిడ కుర్చీ అంచుకి జరగాలి. ఆపరేషన్ అయిన ఎడమ కాలు ముందుకి చాపాలి, మంచి కాలు దగ్గరగా ఉండాలి. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, మంచి కాలి మీద బరువు వేసి, కుర్చీని నొక్కుతూ లేవాలి. వాకర్‌ని పట్టుకుని తనవైపు లాక్కుంటూ లేవకూడదు, అది ఆవిడ మీదికే ఒరుగుతుంది. లేచాక ఒక్కో చెయ్యి వాకర్ మీదికి తేవాలి. అప్పుడు ఆగాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా అడుగు వేయకూడదు. నాలుగు వారాలు పడుకున్న మనిషికి లేవగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, "మళ్ళీ పడిపోతాను" అనే ఆవిడ భయంలో సగం ఆ తిరుగుడే అయ్యుంటుంది. పదంకెలు లెక్కపెట్టించండి, అది తగ్గడం ఆవిడకే తెలుస్తుంది. ఎంతకీ తగ్గకపోతే కూర్చోబెట్టి డాక్టర్‌కి చెప్పండి.

కూర్చోవడం ఇంకా జాగ్రత్తగా. నేను ఈ పనికి కొత్తలో ఉన్నప్పుడు సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మకి నడక నేర్పుతున్నాను. వరండా ఈ చివర నుంచి ఆ చివరకి చక్కగా నడిచింది. నాకు సంతోషం ఆగలేదు. ఎదురుగా నిలబడి "బాగా నడిచావమ్మా" అంటున్నాను. ఆవిడ ఆ మాటకి నవ్వుతూ, కుర్చీ ఎక్కడుందో అని మెడ వెనక్కి తిప్పి, కుర్చీ ఇంకా జానెడు దూరం ఉండగానే కూలబడింది. కుర్చీ వెనక్కి జరిగిపోయింది. ఎముకకి ఏమీ కాలేదు గానీ తర్వాత పదిహేను రోజులు ఆవిడ నిలబడనంది. తప్పు నాది, నేను ఉండాల్సింది ఆవిడ పక్కన. అందుకే చెబుతున్నాను, కుర్చీ దగ్గరికి రాగానే మాటలు ఆపేయండి. వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ పిక్కలకి కుర్చీ అంచు తగిలేదాకా రానివ్వండి. తగిలాక ఎడమ కాలు ముందుకి జరపాలి. ఒక చెయ్యి వెనక్కి పెట్టి కుర్చీ చెయ్యి అందుకోవాలి, తర్వాత రెండోది. అప్పుడే మెల్లగా దిగాలి. దభీమని కూలబడకూడదు.

తిరిగేటప్పుడు కూడా అంతే. మన ఆడవాళ్ళం వంటింట్లో నిలబడిన చోటే నడుము తిప్పి వెనక గిన్నె అందుకుంటాం, ఆవిడకి అరవై ఏళ్ళ అలవాటు అది. ఇప్పుడు గడియారం ముల్లు జరిగినట్టు కొంచెం కొంచెంగా, పాదం ఎత్తి ఎత్తి వేస్తూ, వాకర్‌తో పాటే తిరగాలి. ముక్కు ఎటుంటే కాలి వేళ్ళు అటే ఉండాలని చెప్పండి, ఆవిడకి గుర్తుంటుంది.

మీరు ఎక్కడ నిలబడాలి? ఆవిడ ఎడమ వైపు, అర అడుగు వెనక. చంకల్లో చేతులు వేయడం ఈ రోజుతో మానేయండి. ఆవిడ భుజానికీ ప్రమాదం, మీ నడుముకీ ప్రమాదం. ఒక గట్టి తువ్వాలు మడతపెట్టి నడుముకి, కుట్లకి తగలకుండా పైన చుట్టి ముడి వేయండి. వెనక నుంచి ఆ తువ్వాలు పట్టుకోండి. ఎత్తడానికి కాదు, తూలితే ఆపడానికి. మీ మోకాళ్ళు కొంచెం వంచి ఉంచండి. ఒకవేళ నిజంగా పడిపోతుంటే ఆపాలని లాగకండి, ఇద్దరూ పడతారు. ఆ తువ్వాలు పట్టుకునే మీ ఒంటికి ఆనించుకుని మెల్లగా కిందికి దించేయండి. కింద కూర్చోబెట్టాక నొప్పి విపరీతంగా ఉన్నా, కాలు పొట్టిగా కనిపించినా, పాదం లోపలికో బయటికో తిరిగిపోయినా ఎవరూ ఎత్తకండి, 108కి ఫోన్ చేయండి.

నడక క్రమం తేలికే. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు. చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు మడత దగ్గరికి వాకర్ పిడి రావాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే ఆవిడ వంగి నడుస్తుంది. అడుగున రబ్బరు బుష్‌లు అరిగాయేమో చూడండి. మీ తీరం వైపు వాకిళ్ళు, తోట దారులు చాలావరకు ఇసుక నేల కదా, వాకర్ కాళ్ళు ఒకటి దిగి ఒకటి దిగక ఒరుగుతుంది. ఇసుకలో వద్దు. ఇంట్లో గచ్చు మీద మొదలుపెట్టి, ధైర్యం వచ్చాక పొద్దున్నే బళ్ళు తిరగని వేళ సీసీ రోడ్డు మీదికి తీసుకెళ్ళండి. గడప దగ్గర మాత్రం మీరు పక్కన ఉండాల్సిందే. వాకర్ నాలుగు కాళ్ళూ గడప అవతల గట్టిగా ఆనాకే అడుగు వేయాలి. అరుగు మెట్లకి వాకర్ పనికిరాదు, పట్టుకోవడానికి గట్టి కమ్మీ ఉండాలి. ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేయించండి. చీర కుచ్చిళ్ళు చీలమండ పైకి ఉండాలి, కొన్నాళ్ళు నైటీ అయినా ఫరవాలేదు. కింద పడింది ఏదైనా సరే ఆవిడ వంగి తీయకూడదు.

ఎంత నడవాలని అడుగుతారు. ఒకేసారి అరగంట కాదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి, ఇంట్లోనే అటూ ఇటూ నాలుగైదు నిమిషాలు. ఈ వారం మంచం నుంచి గుమ్మం దాకా చాలు. మధ్యలో కూర్చుని పాదాలు పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించాలి, పిక్కలో రక్తం పారుతుంది. రోజుకి మూడుసార్లు, ఎత్తు కుర్చీలోంచి ఐదేసి సార్లు లేచి కూర్చోవాలి. నన్నడిగితే ఒక్క వ్యాయామమే చేయించగలిగితే ఇదే చేయించండి. సాయంత్రానికి కాలు కొంచెం వాచి, రాత్రి పడుకుంటే తగ్గడం మామూలే. ఆపరేషన్ కాలు పొడుగైనట్టు అనిపించడం కూడా మొదట్లో చాలామందికి ఉంటుంది.

దొడ్డికి వెళ్ళడం గురించి మీరు రాయలేదు గానీ, అసలు కష్టం అక్కడే ఉండి ఉంటుంది. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఇప్పుడు ఆవిడకి పనికిరాదు. ఇనుప చట్రం ఉన్న కమోడ్ కుర్చీ మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కంత కోసి వాడతారు కొందరు, అది విరిగిన చోట్ల చూశాను, వద్దు. రాత్రి పూట ఆ కుర్చీ మంచం పక్కనే ఉంచండి, ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచండి. చీకట్లో, నిద్ర మత్తులో, మిమ్మల్ని లేపడం ఇష్టం లేక తనంతట తాను లేచి పడే వాళ్ళు ఎక్కువ. లేపితే విసుక్కోనని ఆవిడకి ఒకసారి నోటితో చెప్పండి. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసే వాళ్ళుంటారు, అది చేయనివ్వకండి.

కవిటి, సోంపేట ఉన్న మన ఉద్దానంలో ఈ మాట గట్టిగా చెప్పక తప్పదు. నొప్పి ఎక్కువైందని ఊళ్ళో సూది వేయించడం, మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్ళలు కొని వేయడం అస్సలు వద్దు. అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బు ఇంతగా ఉన్న ప్రాంతంలో ఆవిడ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో తెలియకుండా ఆ మందుల జోలికి వెళ్ళకూడదు. డాక్టర్ రాసిన మందు, చాలావరకు పారాసెటమాల్ ఉంటుంది, చెప్పిన మోతాదులో నడకకి అరగంట ముందు వేస్తే నడిచేటప్పుడు నొప్పి తగ్గుతుంది. కిడ్నీ డాక్టర్ నీళ్ళకి కొలత పెట్టి ఉంటే ఆ కొలతే పాటించండి.

ఇంకొకటి, ఎవరొచ్చి నూనె రాసి కాలు పిసుకుతామన్నా, లాగి సరిచేస్తామన్నా ఒప్పుకోకండి. పిక్కలో గడ్డ ఉంటే పిసికినప్పుడు అది కదిలి ఊపిరితిత్తికి వెళ్ళవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. పిక్క ఒకటే వాచి, ముట్టుకుంటే నొప్పిగా, వేడిగా ఉంటే అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే క్షణం ఆగకుండా 108. కుట్ల దగ్గర ఎర్రబడినా, రసి కారినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి ఫోన్ చేయండి.

పప్పు, గుడ్డు, చేప పెడితే చీము పడుతుందని పథ్యం పెట్టి ఉంటారు. పెట్టండి అమ్మా, ఎముకకీ కండకీ కావలసినవి అవే. చోడి (రాగి) అంబలి కూడా మంచిది. కిడ్నీ జబ్బు ఉందని తేలితే మాత్రం ఏది ఎంత పెట్టాలో ఆ డాక్టర్‌నే అడగాలి. ఆవిడకి అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం, అలవాటుందా? మన వైపు ఆ వయసు ఆడవాళ్ళలో చాలామందికి ఉంది కాబట్టి అడుగుతున్నాను. పొగాకు గాయాన్ని మాననివ్వదు, ఎముకని పల్చబరుస్తుంది. ఈ నెలల్లోనైనా మానేయమని ఆవిడ కొడుకు చేత చెప్పించండి.

కొడుకు మాట వచ్చింది కాబట్టి, వీధంతా వినేలా ఆ అరుపుల సంగతి. మీరు ఎంత మనసు పెట్టి చేస్తున్నారో మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది, మీరు చేసేది క్రూరత్వం కాదు. ఆవిడదీ కోపం కాదు, భయం. రోజూ ఒకే వేళకి వీడియో కాల్‌లో కొడుకుని ఎదురుగా పెట్టండి, "అమ్మా, ఈ రోజు గుమ్మం దాకా నడిచి చూపించు" అని ఆయనే అడగాలి. మూడు నెలలు కదపొద్దన్న పక్కింటావిడనే పిలిచి కుర్చీ పట్టుకోమనండి. పనిలో చెయ్యి కలిపిన మనిషి మర్నాటి నుంచి ఆ మాట అనదు. "లే, నడు" అనకుండా "ఇప్పుడు నడుద్దామా, టీ తాగాక నడుద్దామా" అని అడగండి. ఎప్పుడన్నది ఆవిడ చేతిలో ఉంటే ఏడుపు తగ్గుతుంది.

వాకర్ నుంచి చేతికర్రకి మారడం చాలామందికి ఆరు వారాల తర్వాత, డాక్టర్ చూసి సరేనన్నాక. మీ అత్త నాలుగు వారాలు పోగొట్టుకుంది కాబట్టి ఇంకొంచెం పట్టవచ్చు. కర్ర కుడి చేతిలో ఉండాలి, అంటే మంచి కాలి వైపు. అందరూ నొప్పి వైపే పట్టుకుంటారు. ఎందుకు కుడి చేతిలోనంటే, ఎడమ కాలి మీద నిలబడి కుడి కాలు ఎత్తినప్పుడు మిగిలిన ఒళ్ళంతా కుడి వైపు వేలాడే నీళ్ళ బిందె లాంటిది. దాన్ని ఒరగకుండా ఎడమ తుంటి కండ ఒక్కటే లాగి పట్టాలి. ఆపరేషన్ అయిన కండకి ఆ బలం ఇంకా రాలేదు. కుడి చేతిలో కర్ర ఉంటే ఆ బిందెని కింద నుంచి చెయ్యి పెట్టి పట్టుకున్నట్టు. కర్రా, ఎడమ కాలూ కలిసి ముందుకి పడాలి.

జీడిపిక్కల పనికి వెళ్ళవచ్చా అంటే, కింద చతికిలబడి, గొంతుక్కూర్చుని చేసే పనికి మాత్రం డాక్టర్ ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప వద్దు. ఎత్తు స్టూలు మీద కూర్చుని, పిక్కలూ సుత్తీ బల్ల మీద పెట్టుకుని, వంగకుండా కొట్టే వీలుంటే కొన్ని నెలలకి తప్పకుండా వెళ్ళవచ్చు. ఈ మాట ఆవిడకి ఇవాళే చెప్పండి. ఆ బల్ల దాకా నడవాలంటే ఈ వారం గుమ్మం దాకా రావాలని చెప్పండి.

చెకప్‌కి బరంపురం వెళ్ళేటప్పుడు ఆటో వద్దు. కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, దిండు వేసి ఎత్తు చేయండి. ఆవిడ వీపు సీటు వైపు పెట్టి ముందు కూర్చోవాలి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి మీరు లోపలికి తిప్పాలి. అక్కడ ఒక సంగతి తప్పకుండా అడగండి. వాకిట్లో జారి కూలబడితేనే తుంటి విరిగిందంటే ఎముక అప్పటికే గుల్లబారి ఉంటుంది. స్టీలు బంతి ఎడమ వైపుకే పెట్టారు, కుడి తుంటి ఇంకా ఆ పాత ఎముకే. ఎముక గట్టిదనం కొలిచే డెక్సా పరీక్ష కావాలా, విటమిన్ డి, కాల్షియంతో పాటు ఎముకకి వేరే మందు కావాలా అని అడిగి, కిడ్నీ రిపోర్టు కూడా అదే రోజు చూపించండి.